సునామీ – పేరు తెలియని కెరటం

భూమిని ఓర్పుకూ, సముద్రాన్ని గాంభీర్యానికీ ఉపమానంగా చెప్పడం మన కవుల సంప్రదాయం. సహనశీలి అయిన ఇల్లాలిని భూదేవితో పోల్చడం, గంభీరుడైన పెద్దమనిషిని సాగరంతో పోల్చడం తెలుగునాట పరిపాటి. కాని ప్రకృతి శాస్త్రం దృష్టిలో భూమి నిశ్చలమైనది కాదు, సముద్రం చెలియలికట్ట దాటనిదీ కాదు. భూమి కదిలి, ఆ కదలిక సముద్రానికి సోకినపుడు పుట్టే మహాతరంగాలకే సునామీ అని పేరు. ఆ తరంగం స్వరూపమేమిటో, దాని పుట్టుకకు కారణాలేమిటో, దాని నుండి మనుషులు బయటపడే మార్గమేమిటో మన విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రానికి దూరంగా, నల్లమల కొండలకు దగ్గరగా ఉన్న మనకు ఈ విషయంతో పని ఏమిటని కొందరు అడగవచ్చు. 2024 డిసెంబరు 21వ తేదీన, ఆ తరువాతి రెండు రోజులలోనూ ముండ్లమూరు, తాళ్లూరు మండలాలలో భూమి స్వల్పంగా కంపించింది. కంపనం కొద్ది క్షణాలే ఉన్నా ప్రజలు భయపడి ఇండ్లు విడిచి వీధులలోకి వచ్చారు. ఆ వారంలోనే, డిసెంబరు 26వ తేదీకి, 2004 నాటి సునామీ జరిగి ఇరవై సంవత్సరాలు నిండాయి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించినవారికి ఒక ప్రశ్న కలగడం సహజం. మన ఊళ్లలో నేల అదరడానికీ, సముద్రం పొంగడానికీ సంబంధం ఏమైనా ఉన్నదా? ప్రశ్న మంచిదే. తెలిసినవారు సమాధానం చెప్పకపోతే ఆ పని వదంతులు చేస్తాయి. కనుక విషయాన్ని మొదటి నుండి విచారిద్దాం.

పేరు – అర్థం

సునామీ జపాను భాషా పదం. 'సు' అంటే రేవు, 'నామి' అంటే అల. నడిసముద్రంలో చేపలు పట్టుకుంటున్న జాలరులకు ఏమీ తెలిసేది కాదట. తీరా ఇంటికి తిరిగి వచ్చేసరికి రేవు మాత్రం ధ్వంసమై ఉండేది. అందుచేత అది రేవులో మాత్రమే కనిపించే అల అయింది. ఆ పేరులో ఎంత శాస్త్రం ఇమిడి ఉన్నదో ముందు ముందు తెలుస్తుంది.

తెలుగులో మనకు 'ఉప్పెన' అనే మాట ఉన్నది. కాని ఉప్పెన వేరు, సునామీ వేరు. ఉప్పెనకు తల్లి తుపాను. సముద్రం మీద వాయుగుండం బలపడినపుడు భీకరమైన గాలి నీటిని తీరం వైపు నెట్టుకొని వస్తుంది. ఆ నీరు ఊళ్ల మీద పడడమే ఉప్పెన. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నాన్ని ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్నది అటువంటి ఉప్పెనే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో సుమారు పదివేల మంది ప్రాణాలు తీసినదీ ఉప్పెనే. అది రాకముందు ఆకాశం మూసుకుంటుంది, గాలి హోరెత్తుతుంది, వాన కురుస్తుంది. చదువు రాని పల్లెకారు సైతం ఆ గుర్తులను పోల్చుకోగలడు.

సునామీకి గాలితో పని లేదు. మబ్బు అక్కరలేదు, వాన అక్కరలేదు. నిర్మలమైన ఆకాశం కింద, ఎండ కాస్తున్న వేళ కూడా అది రాగలదు. 2004లో వచ్చింది అలాగే. దానికి పుట్టినిల్లు ఆకాశం కాదు, సముద్రపు అడుగున ఉన్న నేల.

ఉప్పెనను మన పూర్వులు అనేక పర్యాయాలు చూశారు, దుఃఖించారు, జ్ఞాపకం పెట్టుకొన్నారు. కనుకనే దానికి తెలుగులో పేరు నిలిచింది. తుపాను అనే మాట పారశీక ఉర్దూ భాషల మీదుగా మనకు చేరి ఇంటి మాట అయింది. సునామీకి మాత్రం తెలుగులోనూ మాట లేదు, ఉర్దూలోనూ లేదు. ఉభయ భాషల పత్రికలూ జపాను మాటనే తెచ్చుకొన్నాయి. 2004కు పూర్వం ఆ మాట పాఠ్యగ్రంథాలలో ఉండినదే కాని జనం నోట లేదు. ఈ లోటు వల్ల ఎంత నష్టం కలిగిందో తరువాత మనవి చేస్తాము.

పుట్టుకకు కారణం

మనం నిలబడిన భూమి పైపొర ఒకే అఖండమైన చిప్ప కాదు. అది కొన్ని పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. పలక అనే మాట మన ప్రాంతపు విద్యార్థులకు కొత్తది కాదు. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకొన్న తరాలు ఈ జిల్లాలోనే కాక దేశమంతటా ఉన్నాయి. ఆ పలకరాయి పుట్టుక కూడా ఇక్కడ చెప్పదగినది. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఈ ప్రాంతం సముద్రపు అడుగున ఉండేది. ఆనాడు అక్కడ పేరుకొన్న సన్నని బురద కాలక్రమాన అణగి, గట్టిపడి, నేడు పొరలు పొరలుగా విడివడే రాయి అయింది. కాబట్టి సముద్రం మనకు బొత్తిగా పరాయిది కాదు. మనం ఓనమాలు దిద్దినది ఒక ప్రాచీన సముద్రపు బురద మీదనే.

భూమి పలకలు ఒకచోట స్థిరంగా ఉండవు. సంవత్సరానికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, అంటే ఇంచుమించు మన చేతిగోరు పెరిగేటంత వేగంతో జరుగుతూ ఉంటాయి. ఇండియా పలక ఉత్తర ఈశాన్యాలకు జరుగుతున్నది. సుమత్రా ద్వీపానికి పడమటి దిక్కున, అండమాన్ నికోబార్ దీవుల పొడవునా, అది బర్మా పలక అనే చిన్న పలక కిందికి చొచ్చుకొని పోతున్నది. అవి కలుసుకొన్న చోట సముద్రంలో లోతైన అగడ్త ఏర్పడింది.

కిందికి పోయే పలక నునుపుగా జారిపోతే చిక్కు లేదు. కాని రెండు పలకలు రాపిడి వల్ల ఒకదానినొకటి పట్టుకొంటాయి. అడుగు పలక లోపలికి పోతూ పై పలక అంచును కూడా తనతో కిందికి లాగుతుంది. వెదురు బద్దను రెండు చేతులతో వంచితే ఎట్లా వంగుతుందో, పై పలక అట్లా కొన్ని వందల సంవత్సరాల పాటు వంగుతూ వస్తుంది. ఒకనాటికి పట్టు తప్పుతుంది. బద్ద చేతి నుండి జారినట్లు ఆ అంచు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ విసురుకు భూమి అదరడమే భూకంపం. లేచిన నేల మీద కిలోమీటర్ల లోతున నిలిచి ఉన్న నీరంతా ఆ నేలతో పాటు పైకి లేవడమే సునామీకి ఆరంభం.

మామూలు అలకూ దీనికీ ఉన్న భేదాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. కంభం చెరువు మీద గాలి వీచినపుడు లేచే అలలు పై నీటిని మాత్రమే కదిలిస్తాయి. అడుగున ఉన్న చేపకు ఆ సంగతి తెలియనే తెలియదు. అట్లా కాక చెరువు అడుగున నేలే ఒక పక్క బారెడు ఎత్తు లేచినదనుకొందాం. అపుడు అడుగు నుండి పైదాకా ఉన్న నీరంతా కదలక తప్పదు. గాలి అలకు ఉన్నది పైపై బలం. సునామీకి ఉన్నది నిలువెత్తు సముద్రపు బలం.

ఇతర కారణాలు

సునామీలలో అధికభాగం భూకంపాల వల్ల పుట్టేవే. అయినా వేరే కారణాలు లేకపోలేదు. నీటిని హఠాత్తుగా పెద్ద ఎత్తున పక్కకు తోసేది ఏదైనా సునామీకి కారణం కాగలదు. 1883 ఆగస్టు 27వ తేదీన జావా సుమత్రాల నడుమ ఉన్న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనపుడు పుట్టిన కెరటాల వల్ల 36,000 మందికి పైగా మరణించారు. 2018 డిసెంబరు 22వ తేదీన అదే చోట, అదే పర్వతపు సంతతి అయిన 'అనాక్ క్రకటోవా' ఒక పార్శ్వం విరిగి సముద్రంలో పడడంతో మళ్లీ సునామీ వచ్చి నాలుగువందల మందికి పైగా చనిపోయారు. 1958 జులైలో అలాస్కాలోని లిటుయా అఖాతంలో భూకంపం వల్ల కొండచరియ విరిగి నీటిలో పడగా, ఎదుటి గట్టు మీద నీరు 524 మీటర్ల ఎత్తుకు ఎగబ్రాకింది. అయితే కొండచరియల వల్ల పుట్టే కెరటాలు దగ్గరలో ఎంత భయంకరమైనవైనా దూరం పోయేసరికి త్వరగా క్షీణిస్తాయి. మహాసముద్రాలు దాటి పోగలవి పెద్ద భూకంపాల వల్ల పుట్టినవే.

అట్లని ప్రతి భూకంపమూ సునామీని పుట్టించదు. దానికి మూడు లక్షణాలు కావాలి. భూకంపం సముద్రం అడుగున, భూమిలో ఎక్కువ లోతు లేని చోట సంభవించాలి. అది చాలా పెద్దదై ఉండాలి. అన్నిటికీ మించి, నేల పైకో కిందికో కదలాలి. ఈ మూడవ లక్షణం ఎంత ముఖ్యమైనదో 2012 ఏప్రిల్ 11వ తేదీన లోకానికి తెలిసింది. ఆనాడు సుమత్రాకు పడమట 8.6 ప్రమాణం గల మహాభూకంపం వచ్చింది. హిందూ మహాసముద్ర తీర దేశాలన్నీ ఉలిక్కిపడ్డాయి. కాని వచ్చిన అలలు చిన్నవి. కారణమేమనగా, అక్కడ నేల పైకి లేవలేదు, పక్కకు జరిగింది. తాంబాళంలో నీరు పోసి దానిని నేల మీద మెల్లగా పక్కకు జరిపితే నీరు అంతగా చిందదు. అడుగు నుండి ఒక్క పోటు పొడిస్తే చిందుతుంది. భేదం అంతే.

గమన వేగం

సునామీ వేగం సముద్రపు లోతు మీద ఆధారపడి ఉంటుంది. లోతును మీటర్లలో తీసుకొని, దానిని భూమ్యాకర్షణ త్వరణమైన 9.8 చేత గుణించి, వచ్చిన సంఖ్యకు వర్గమూలం కడితే సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో తెలుస్తుంది. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల లెక్క ఇది.

లోతు 3,000 మీటర్లు అనుకొంటే 3,000ను 9.8 చేత గుణించగా 29,400. దాని వర్గమూలం సుమారు 171. అంటే సెకనుకు 171 మీటర్లు, గంటకు సుమారు 617 కిలోమీటర్లు. ఇది విమానానికి దగ్గరగా ఉన్న వేగం. అదే కెరటం 50 మీటర్ల లోతుకు వచ్చేసరికి గంటకు 80 కిలోమీటర్లకు తగ్గుతుంది. 10 మీటర్ల లోతులో 36 కిలోమీటర్లు మాత్రమే. అయినా మనిషి పరుగు కంటే అది ఎక్కువే.

వేగం తగ్గితే ప్రమాదం తగ్గవలసింది కదా అని అనుకోరాదు. మన పల్లెలలో సాయంకాలం గొర్రెల మంద దొడ్డికి తిరిగి వచ్చే దృశ్యం అందరూ చూసినదే. ముందరి గొర్రెలు దొడ్డి వాకిట నిదానిస్తాయి, వెనుకవి అదే వేగంతో వస్తూ ఉంటాయి. వాకిట మంద కిక్కిరిసి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కెరటం కూడా అంతే. ముందు భాగం లోతు తక్కువైన చోట నెమ్మదించగా, వెనుక భాగం వచ్చి దానిని ఒరుసుకొంటుంది. పొడవు తగ్గి ఎత్తు పెరుగుతుంది. 2004లో సునామీ పుట్టిన సుమారు రెండు గంటల తరువాత ఒక ఉపగ్రహం దానిని నడిసముద్రంలో కొలవగా ఎత్తు 60 సెంటీమీటర్ల పాటే ఉన్నది. ఒక అల శిఖరానికీ మరొక అల శిఖరానికీ నడుమ వందల కిలోమీటర్ల దూరం ఉండడం వల్ల పడవలో ఉన్నవానికి అది తెలియనే తెలియదు. జపాను జాలరులు దానిని రేవు అల అన్నది ఇందుకే.

ఇంకొక సంగతి గమనించాలి. సునామీ ఒక్క అల కాదు, అలల వరుస. ఒకదానికీ మరొకదానికీ నడుమ పది నిమిషాలు మొదలు గంటదాకా వ్యవధి ఉండవచ్చు. మొదటిదే పెద్దది కావాలన్న నియమం లేదు. మొదటి అల తీసిన తరువాత సామాను కోసం, పడవల కోసం ఒడ్డుకు తిరిగి పోయి రెండవ దానికి చిక్కినవారు లోకంలో అనేకులు.

2004 డిసెంబరు 26

ఆ దినం ఆదివారం, పౌర్ణమి. భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా ఉత్తర భాగానికి పడమట సముద్రం అడుగున 9.1 ప్రమాణం గల భూకంపం వచ్చింది. నేల చీలిక సుమత్రా వద్ద మొదలై, నికోబార్ మీదుగా అండమాన్ దీవుల దాకా, సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున, పది నిమిషాల లోపల వ్యాపించింది. నికోబార్ వైపు చీలిక నుండి మన కోస్తాకు నడుమ ఉన్నది దాదాపు 1,500 కిలోమీటర్ల సముద్రం. గంటకు 617 కిలోమీటర్ల చొప్పున ఆ దూరం దాటడానికి ఎంత కాలం పట్టాలో విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు. సుమారు రెండున్నర గంటలు వస్తుంది. జరిగినదీ అదే. విశాఖపట్నంలోనూ చెన్నైలోనూ ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో నీటి మట్టాన్ని కొలిచే యంత్రాలు ఆ కెరటాన్ని నమోదు చేశాయి.

ఆ దినపు విపత్తులో పద్నాలుగు దేశాలలో సుమారు 2,30,000 మంది మరణించారు. మన దేశంలో పదివేల మందికి పైగా చనిపోయారు, అయిదువేల మందికి పైగా జాడ తెలియకపోయారు. తమిళనాడులోని నాగపట్నం జిల్లా ఒక్కటే సుమారు ఆరువేల మందిని పోగొట్టుకొన్నది. మన ఆంధ్రదేశపు తీరాన మృతులు నూరుమందికి పైగా. చీలిక ఉత్తర దక్షిణాలుగా ఉండడం వల్ల కెరటం బలం ముఖ్యంగా తూర్పు పడమరలకు పోయింది. ఎదురుగా ఉన్న శ్రీలంక, తమిళనాడు తీరాలు అధికంగా దెబ్బ తిన్నాయి. మన తీరం పక్కగా ఉండడం చేత అంతటి దెబ్బ తప్పింది. అయినా తండ్రి వేటకు పోయిన ఇంటికీ, బిడ్డలు ఒడ్డున ఆడుకొంటున్న ఇంటికీ నూరు అనేది చిన్న సంఖ్య కాదు.

ఇక్కడ నిలిచి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. భూమి కంపించినది ఆరున్నరకు. నీరు ఒడ్డుకు వచ్చినది తొమ్మిదికి. నడుమ ఉన్న రెండున్నర గంటలు తీరాన ఉన్న మనిషి ఊరు విడిచి మెరక చేరడానికి కావలసినంత వ్యవధి. ఒక మనిషి నెమ్మదిగా నడిచినా ఆ వ్యవధిలో పది కిలోమీటర్లు పోగలడు. కాని చెప్పినవారు లేరు. చెప్పినా, ఏమని చెప్పాలో జనానికి తెలిసిన మాట లేదు. తుపాను అంటే పరుగెత్తే జనానికి, ఎండ కాస్తున్న పూట సముద్రం ఊరిలోకి వస్తుందని ఊహించే ఆధారం లేదు. సునామీకి మన భాషలో పేరు లేకపోవడం వల్ల కలిగిన నష్టం ఇదే.

పేరు తెలిసినవారు ఏమైనారు?

ఆనాడే, సుమత్రా తీరానికి దగ్గరలో సిమెలూ అనే దీవి ఉన్నది. చీలిక మొదలైన చోటుకు అది అతి సమీపం. దాని జనాభా ఇంచుమించు 78,000. అక్కడ మరణించినవారు ఏడుగురు. కారణం విచారిస్తే అద్భుతం ఏమీ లేదు. 1907లో ఆ దీవి సునామీకి గురై అనేకులను పోగొట్టుకొన్నది. బతికినవారు ఆ అలకు తమ భాషలో 'స్మాంగ్' అని పేరు పెట్టి, కథలుగా, జోలపాటలుగా బిడ్డలకు చెప్పుకొన్నారు. నేల గట్టిగా కంపించి, సముద్రం వెనుకకు పోతే, కొండకు పరుగెత్తాలి అన్నది ఆ కథల సారం. 2004లో నేల కంపించగానే 'స్మాంగ్, స్మాంగ్' అని కేకలు వేస్తూ ఊళ్లకు ఊళ్లు కొండలెక్కాయి. దాదాపు శతాబ్దం నాటి ఒక మాట వేల ప్రాణాలను నిలబెట్టింది.

రెండవ ఉదాహరణ మన విద్యార్థులకు మరింత దగ్గరది. టిల్లీ స్మిత్ అనే పదేండ్ల ఆంగ్ల బాలిక ఆ దినం తల్లిదండ్రులతో థాయిలాండులోని ఫుకెట్ తీరాన ఉన్నది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసి, రెండు వారాల క్రితం బడిలో భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు చెప్పిన సునామీ పాఠం ఆమెకు గుర్తుకు వచ్చింది. పట్టుబట్టి పెద్దలకు చెప్పింది. తీరం ఖాళీ చేశారు. సుమారు నూరుమంది బతికారు. పాఠం పరీక్ష కోసమే అనుకొనే విద్యార్థులు ఈ ఒక్క సంగతిని మననం చేయాలి.

అయితే ఒక హెచ్చరిక. సముద్రం వెనుకకు పోవడం అన్ని తీరాలలో మొదటి గుర్తు కాదు. 2004లో థాయిలాండు వైపు మొదట అల పల్లం చేరింది, అందువల్ల నీరు తీసింది. మన దేశం వైపు మొదట అల శిఖరమే చేరింది. నీరు తీయడం తరువాత జరిగింది. అంతేకాక, దూరాన పుట్టిన భూకంపం మన తీరాన గట్టిగా తెలియకపోవచ్చు. కాబట్టి కండ్లకు కనిపించే గుర్తుల మీద మాత్రమే ఆధారపడడం మన తీరానికి చాలదు. ఇక్కడ యంత్రాల సహాయం, మానవ వ్యవస్థ సహాయం అవసరం.

హెచ్చరిక వ్యవస్థ

పసిఫిక్ మహాసముద్రానికి 1949 నుండి హవాయి దీవులలో సునామీ హెచ్చరిక కేంద్రం ఉన్నది. హిందూ మహాసముద్రానికి 2004లో అటువంటిది లేదు. 1881 డిసెంబరు 31వ తేదీన కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం వల్ల పుట్టిన అలలు బంగాళాఖాతం తీరాలలోని యంత్రాలలో నమోదైనాయి. 1945 నవంబరు 28వ తేదీ తెల్లవారుజామున మక్రాన్ తీరంలో భూకంపం వచ్చి, దాని అలలు అరేబియా సముద్రపు తీరాలను, కచ్ఛ్ నుండి బొంబాయి దాకా తాకాయి. అయినా అవి అరుదు కావడం చేత మరుపుకు వచ్చాయి.

2004 తరువాత మన దేశం మేలుకొన్నది. హైదరాబాదులో 1999 నుండి ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో (ఇన్‌కాయిస్) 2007 అక్టోబరు నుండి సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పని చేస్తున్నది. సముద్రం కనిపించని హైదరాబాదు నగరం నుండి సముద్రానికి కావలి కాస్తున్నారన్నమాట. భూకంపం జరిగిన కొద్ది నిమిషాలకు దాని చోటు, లోతు, ప్రమాణం నిర్ణయిస్తారు. ముందే గణితం చేసి ఉంచిన వేలకొలది నమూనాలతో పోల్చి ఏ తీరానికి ఎంత అల, ఎప్పుడు చేరగలదో చూస్తారు. సముద్రపు అడుగున అమర్చిన పీడన మాపకాలు అల నిజంగా పుట్టిందో లేదో తెలుపుతాయి. అప్పుడు హెచ్చరికను పెంచడమో, తీసివేయడమో జరుగుతుంది. 2011 నుండి ఈ కేంద్రం ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ సేవ చేస్తున్నది.

హెచ్చరిక వల్ల ప్రాణాలు నిలుస్తాయా అని సందేహించేవారు మన రాష్ట్రపు తుపానుల చరిత్ర చూడవచ్చు. 1977లో సుమారు పదివేల మంది మరణించగా, తీవ్రతలో దానికి తీసిపోని 1990 మే నాటి తుపానులో మృతులు వేయిమంది లోపు. గాలి తగ్గలేదు, హెచ్చరికా జనాన్ని తరలించే ఏర్పాటూ పెరిగాయి. అయితే హైదరాబాదు నుండి బయలుదేరిన హెచ్చరిక చివరి మెట్టులో ఒక మనిషి చెవికి చేరాలి, ఆ మనిషికి దాని అర్థం తెలిసి ఉండాలి. ఆ చివరి మెట్టు యంత్రం చేసే పని కాదు, విద్య చేసే పని.

మన ప్రాంతపు కంపనాల సంగతి

మొదట వేసుకొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. ముండ్లమూరు, తాళ్లూరు మండలాలలో వచ్చిన కంపనాలు రెండు పలకల అంచున పుట్టినవి కావు. మనం ఉన్నది పలక అంచుకు చాలా దూరాన, దాని నడుమ. పలక నడుమ కూడా పూర్వకాలపు పగుళ్లు ఉంటాయి. పలక మీద పడే ఒత్తిడి వల్ల ఆ పగుళ్ల వద్ద అప్పుడప్పుడు చిన్న సర్దుబాటు జరుగుతుంది. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతంలో వచ్చిన 5.4 ప్రమాణం గల భూకంపం అటువంటిదే. దాని వల్లనూ సునామీ రాలేదు.

2024 కంపనాల ప్రమాణం మూడు చుట్టుపక్కల మాత్రమే. భూకంప ప్రమాణంలో ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ చొప్పున మూడుకూ తొమ్మిదికీ నడుమ భేదం ఆరు రెట్లు కాదు, సుమారు నూరు కోట్ల రెట్లు. పైగా మన కంపనం పుట్టినది నేల మీద, సముద్రం కింద కాదు. కాబట్టి సునామీకి కావలసిన మూడు లక్షణాలలో ఒక్కటి కూడా ఇక్కడ లేదు. ముండ్లమూరులో నేల అదిరినంత మాత్రాన కొత్తపట్నంలో సముద్రం పొంగదు. ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు, లెక్క.

అట్లని చిన్న కంపనాలను నిర్లక్ష్యం చేయమని మా భావం కాదు. భూకంపంలో మనిషిని చంపేది భూమి కాదు, కూలే గోడ. మట్టి గోడల మీద బరువైన రాతికప్పులు వేసిన పాత ఇండ్లు, బీటలు వారిన తరగతి గదులు మరమ్మతు చేయించుకోవాలి. కదలిక తెలిసినపుడు గట్టి బల్ల కింద తల దాచుకోవాలి, ఆగిన తరువాత తొక్కిసలాట లేకుండా ఆరుబయటికి రావాలి.

మన కర్తవ్యం

మనం సముద్రానికి దూరంగా ఉన్నా సముద్రానికి పోకుండా లేము. కార్తీకమాసపు స్నానాలకూ, విహారయాత్రలకూ మన ప్రాంతం నుండి బండ్లు కట్టుకొని కొత్తపట్నం, వాడరేవు పోయేవారు ఎందరో. బతుకుతెరువుకు చెన్నైకీ, ఇతర రేవు పట్టణాలకూ వలస పోయిన కుటుంబాలు మన పల్లెలలో కొల్లలు. మన విద్యార్థులు రేపు ఏ తీరాన ఉద్యోగం చేస్తారో ఎవరు చెప్పగలరు? ఇంగ్లండులోని ఒక బడిలో చెప్పిన పాఠం థాయిలాండు ఒడ్డున పనికి వచ్చింది. ముండ్లమూరు దగ్గర చెప్పిన పాఠం ఏ ఒడ్డున పనికి వస్తుందో ముందుగా తెలియదు.

కాబట్టి విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోదగిన మాటలు నాలుగు. తీరాన ఉన్నపుడు నేల గట్టిగా కంపించినా, ఎక్కువసేపు కంపించినా, సముద్రం అకారణంగా వెనుకకు పోయినా, ముందుకు పొంగినా, హెచ్చరిక కోసం ఎదురు చూడక మెరకకు పోవాలి. అధికారుల హెచ్చరిక వచ్చినపుడు ఆకాశం చూసి దానిని కొట్టిపారవేయరాదు. మొదటి అల తీసిన తరువాత, అధికారులు చెప్పేదాకా తిరిగి ఒడ్డుకు పోరాదు. తెలియని వార్తను ఇతరులకు అందించరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా మా విన్నపం ఒకటి. నవంబరు 5వ తేదీని ప్రపంచ సునామీ అవగాహన దినంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి 2015లో నిర్ణయించింది. 1854లో ఆ తేదీన జపానులోని ఒక పల్లెలో, సునామీ వస్తున్నదని గ్రహించిన హమగుచి గోర్యో అనే పెద్దమనిషి, చీకటిలో జనానికి మెరక దారి తెలియడం కోసం వరిగడ్డి కుప్పలకు నిప్పు పెట్టించాడు. ఆ వెలుగు చూసి ప్రజలు మెరక చేరి బతికారు. ఆ తేదీన ఏటేటా మన కళాశాలలో ఒక గంట కేటాయించి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఈ పాఠం చెప్పించవలెననీ, పఠనాలయంలో బంగాళాఖాతపు పటం ఒకటి, భూమి పలకల పటం ఒకటి గోడకు వేయించవలెననీ కోరుతున్నాము. ఖర్చు స్వల్పం. వరిగడ్డి ఖరీదు కూడా కాదు.

ఉప్పెన అనే మాటను మన పూర్వులు ప్రాణాలు ధారపోసి మనకు ఇచ్చారు. సునామీ అనే మాట కూడా 2004లో అదే వెల చెల్లించి మన భాషలోకి వచ్చింది. ఆ మాట అర్థాన్ని చెదరనీయక మన తరువాతి తరానికి అందజేయడం చదువుకొన్న మన బాధ్యత.